పటము ఎవరిది? ప్రతి ఎవరిది?

మన పాఠశాలలో చిత్రలేఖనమున చేయి తిరిగిన విద్యార్థులు కొందరు కలరు. వారిలో ఒకని వద్దకు జయపురము బజారులోని దుకాణదారుడు వచ్చి, "బాబూ, మా దుకాణమునకు లక్ష్మీదేవి పటమొకటి వేసిపెట్టుము, రెండువేలు ఇచ్చెదను" అనెననుకొందము. బాలుడు పటము వ్రాసి యిచ్చెను, సొమ్ము పుచ్చుకొనెను. ఇచ్చుటకు ముందు దానికి ఫొటో తీసి యుంచుకొనెను. దీపావళికి నూరు ప్రతులు అచ్చువేయించి అమ్మవలెనని అతని కోరిక. అమ్మవచ్చునా? "వ్రాసినది నేను కదా?" అని అతడును, "సొమ్మిచ్చినది నేను కదా?" అని దుకాణదారుడును అందురు. ఇద్దరి మాటయు న్యాయముగనే తోచును.

ఒక పటములో రెండు ఆస్తులు కలవు. కంటికి కనబడు కాగితము, రంగులు ఒకటి. దానికి ప్రతులు తీయు హక్కు రెండవది. పాత తెలుగు పుస్తకముల మొదటి పుటలలో "సర్వస్వామ్యములు గ్రంథకర్తవి" అని యుండుట మీరు చూచియుందురు. పుస్తకము కొన్నవాడు దానిని చదువుకొనవచ్చును, మరల అమ్ముకొనవచ్చును, అచ్చువేయరాదు. పటమును అట్టిదే.

రవివర్మ చరిత్రలో ఈ భేదము చక్కగా కనబడును. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడు పురమాయింపుపై ఆయన పదునాలుగు పురాణచిత్రములు వ్రాసెను. అసలు పటములు రాజప్రాసాదమునకు చేరెను. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుకూటము పెట్టి తన చిత్రములకు ప్రతులు వేయించగా, అవి మన అవ్వల పూజాగదులకు వచ్చెను. నష్టములు వచ్చి, పిమ్మట ఆ అచ్చుకూటమును, అనేక చిత్రముల ముద్రణహక్కును ష్లైషర్ అను జర్మను నిపుణునకు విక్రయించెను. పటము ఒకచోట నుండగా ప్రతిహక్కు చేతులు మారెనన్నమాట. (1906లో రవివర్మ గతించెను గనుక నేడు ఆ చిత్రములను ఎవరైనను అచ్చువేసికొనవచ్చును. చిత్రకారుని మరణానంతరము అరువదేండ్ల వరకే హక్కు నిలుచును.)

ఇక శాసనము మాట. మన కాపీరైటు శాసనము 1957లో పుట్టి, 1958 జనవరి 21న అమలులోనికి వచ్చెను. దాని 17వ విభాగము ప్రకారము చిత్రమునకు తొలి హక్కుదారుడు చిత్రకారుడే. అయితే ఒక మినహాయింపు కలదు. ఒకరు కోరి ప్రతిఫలమిచ్చి చిత్రమునుగాని ఫొటోనుగాని చేయించుకొన్నచో, వేరు ఒడంబడిక లేనప్పుడు, చేయించుకొన్నవాడే తొలి హక్కుదారుడు. కనుక దుకాణదారునిదే గెలుపు. ఇది మాకును మొదట వింతగనే తోచెను. పాత బ్రిటిషు శాసనపు బాటను మనము పట్టితిమి. బ్రిటను మాత్రము 1988 శాసనముతో ఆ బాట విడిచి, చిత్రకారునికే హక్కునిచ్చెను. పత్రికలో జీతమునకు పనిచేయు చిత్రకారుని స్థితి మన దేశముననే ఇంతకంటె మేలు: వేరు ఒడంబడిక లేనిచో, పత్రికలో ప్రచురించుకొను హక్కు మాత్రమే యజమానిది, తక్కినది చిత్రకారునిది.

"వేరు ఒడంబడిక లేనప్పుడు" అను మాటలోనే చిత్రకారునికి దారి కలదు. రంగులు కలుపుటకు ముందే ఒక కాగితము వ్రాసికొనవలెను: పటము దుకాణమునకు, ప్రతులు తీయు హక్కు చిత్రకారునికి, క్యాలెండరుపై ఒక సంవత్సరము వేసికొనుటకు దుకాణదారునకు అనుమతి. హక్కును అమ్ముట ఇల్లు అమ్ముట వంటిది. అనుమతి యిచ్చుట అద్దెకిచ్చుట వంటిది. అమ్మినను సంతకముతో కూడిన వ్రాత యుండవలెను. అందు కాలము చెప్పనిచో ఐదేండ్లనియు, దేశము చెప్పనిచో భారతదేశమంతటికనియు శాసనము భావించును.

తల్లిదండ్రులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. పదునెనిమిదేండ్లు నిండని బాలుని ఒడంబడిక చెల్లదు. వాని పక్షమున పెద్దలే సంతకము చేయవలెను. మన ప్రాంతమున అట్టి కాగితములు తరచుగా ఒడియాలోనో ఇంగ్లీషులోనో యుండును. ఇంట తెలుగు మాత్రమే చదువువారు, తెలిసినవారిచే ప్రతి పంక్తియు చదివించుకొని, అర్థము చెప్పించుకొని, పిమ్మటనే చేవ్రాలు చేయుట మేలు. ఒక ప్రతిని తమవద్ద ఉంచుకొనవలెను.

రాయగడ జిల్లా సవర పల్లెలలోని గోడచిత్రములను గూర్చియు విద్యార్థులు అడుగుచుందురు. గృహస్థుడు దేవతల ప్రీతికై గోడమీద వ్రాయించుకొను ఆ చిత్రములు నేడు చీరలమీదను కాగితములమీదను అమ్ముడగుచున్నవి. తరతరములుగా వచ్చిన రీతికి ఒక్కనిపేర కాపీరైటు ఉండదు. 2024 జనవరిలో లాంజియా సౌర చిత్రమునకు భౌగోళిక గుర్తింపు లభించెను. అది పేరును కాపాడునుగాని, ఫలానా చిత్రకారుని ఫలానా చిత్రమును కాపాడదు. క్రొత్తగా తాను కల్పించి వ్రాసిన చిత్రమునకు సవర చిత్రకారునకును పై శాసనమే అండ.

మన బాలుని సంగతి యేమి? కాగితము వ్రాసికొనలేదు గనుక, దుకాణదారుని అడిగి వ్రాతమూలకముగ అనుమతి పొందవలెను. లాభములో వాటా యిత్తుననిన ఆయన కాదనకపోవచ్చును. హక్కు దుకాణదారునిదైనను, చిత్రకారుడు తానేయని చెప్పుకొను హక్కు బాలునికి పోదు. అనుమతి దొరకనిచో, ఆ పటమునకై తాను వేసికొన్న చిత్తుబొమ్మలు వాడుకొనవచ్చును. అయితే మొదటి పటపు ముఖ్యరూపము మరల రాకూడదు. వేరొక భంగిమలో, వేరొక కూర్పుతో లక్ష్మిని వ్రాసినచో ఆ పటమును, దాని నూరు ప్రతులును అతనివే.