పెంపుడు పక్షుల అంటురోగాలు, చట్టం: సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ గోదావరి జిల్లాలవే. 2025 ఫిబ్రవరిలో తూర్పుగోదావరి జిల్లా కానూరు అగ్రహారంలోనూ పశ్చిమగోదావరి జిల్లా వేల్పూరులోనూ బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పటి నుంచి, నాలుగు కోళ్లు ఒక్కసారి చనిపోతే చాలు అక్కడి వాళ్లకు గుండె దడ. అందుకే ముందు వాళ్ల సంగతి చూద్దాం.

మాది తణుకు దగ్గర లేయర్ ఫారం. పదివేల కోళ్లు. నాలుగు రోజులుగా చావులు పెరుగుతున్నాయి. డాక్టరుకు చెబితే షెడ్డు మొత్తం ఖాళీ చేయిస్తారని, నోరు మెదపొద్దని పక్క ఫారాల వాళ్లు అంటున్నారు. చెప్పి తీరాలా?

చెప్పి తీరాలి. నాకు ఉత్తరం రాయడానికి ముందే చెప్పాల్సింది. ఇది చదివేలోగా చెప్పకపోయి ఉంటే, పేపరు పక్కన పెట్టి మీ ఊరి పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన దొరక్కపోతే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు చేయండి.

పశువుల్లో అంటువ్యాధుల నివారణ, నియంత్రణ కోసం పార్లమెంటు 2009లో ఒక చట్టం చేసింది. కోళ్లు, బాతులు, ఇతర పెంపుడు పక్షులు కూడా దాని కిందికే వస్తాయి. చట్టం చివర జబ్బుల జాబితా ఉంది. బర్డ్ ఫ్లూతో పాటు మనం కొక్కెర తెగులు అనే రాణిఖేత్, గంబోరో, మారెక్స్, కోళ్ల కలరా, బాతుల హెపటైటిస్, చిలకల నుంచి మనుషులకు సోకే క్లమిడియోసిస్ అందులో ఉన్నాయి. వీటిలో ఏదో ఒకటి సోకిందని అనుమానం వస్తే గ్రామాధికారికో పంచాయతీకో తెలియజేయాలని 4వ సెక్షన్ చెబుతుంది. అక్కడి నుంచి కబురు పశువుల డాక్టరుకు వెళ్తుంది. గమనించండి, అనుమానం చాలు. ఏ జబ్బో తేల్చే పని మీది కాదు. జబ్బు పక్షులను మిగతావాటి నుంచి వేరుచేయడం మాత్రం మీ పని, అది 5వ సెక్షన్.

చెప్పగానే షెడ్డు ఖాళీ చేయిస్తారన్న భయం నిజం కాదు. ముందు నమూనాలు తీస్తారు. బర్డ్ ఫ్లూ అని ఖాయం చేసేది భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ జంతువ్యాధుల సంస్థ. అక్కడి నుంచి ఫలితం వచ్చేదాకా మీ ఫారం నుంచి కోళ్లు, గుడ్లు, మేత, కోడిపెంట బయటికి కదలకుండా ఆపుతారు. కొక్కెర తెగులని తేలితే దారి వేరు, దానికి టీకా ఉంది. చచ్చిన కోడిని చూసి అది కొక్కెర తెగులా, బర్డ్ ఫ్లూనా అన్నది ఎంత అనుభవమున్న డాక్టరూ చెప్పలేడు. మీ పక్క ఫారం వాళ్లూ చెప్పలేరు.

ప్రాణాంతకమైన బర్డ్ ఫ్లూ రకం హెచ్‌5ఎన్‌1 అని తేలితే మాత్రం కిలోమీటరు లోపల ఉన్న పెంపుడు పక్షులన్నిటినీ చంపి పూడ్చిపెడతారు. అక్కడి నుంచి పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతం. మీరు మనసు పెట్టి చదవాల్సింది ఇక్కడే. ప్రభుత్వం ఆరోజు చంపించిన కోళ్లకు పరిహారం ఇస్తుంది, ధ్వంసం చేసిన గుడ్లకు, మేతకు కూడా ఇస్తుంది. ఖర్చును కేంద్రం, రాష్ట్రం సగం సగం భరిస్తాయి. అంతకుముందే జబ్బుతో పోయిన కోళ్లకు పైసా రాదు. అంటే మీరు దాచిన ప్రతి రోజూ పరిహారం వచ్చే కోళ్లు కొన్ని, పరిహారం రాని కోళ్లుగా మారుతున్నాయి. ఈ లెక్క ఏ రైతుకైనా అర్థమవుతుంది. రోజుకు ఎన్ని పోయాయో, ఎన్ని మిగిలాయో రిజిస్టరులో తేదీ వేసి రాసి ఉంచండి, లెక్కలో తేడా వచ్చినప్పుడు మీ చేతిలో ఉండే కాగితం అదే.

చెప్పకపోతే శిక్ష ఏమిటని కొందరు అడుగుతుంటారు. 2009 చట్టంలో మొదటి తప్పుకు రాసిన జరిమానా వెయ్యి రూపాయల దాకా, అది కట్టకపోతే నెల రోజుల వరకు జైలు. పదివేల లేయర్లకు రోజుకు టన్నుకు పైగా మేత కావాలి. ఆ ఖర్చు పక్కన వెయ్యి రూపాయలు ఎవరిని భయపెడతాయి? నా దృష్టిలో ఈ చట్టంలో బలహీనమైన భాగం ఇది. ఇంతకన్నా పెద్ద లోపం ముందే పోయిన కోళ్లకు ఏమీ ఇవ్వకపోవడం. చెప్పిన రోజు నుంచి పోయిన కోళ్లకైనా కొంత పరిహారం ఇస్తే, నోరు మెదపొద్దనే సలహాలు ఊళ్లలో తగ్గుతాయి. జరిమానా పెంచడం కన్నా అది ఎక్కువ పని చేస్తుందని గట్టిగా నమ్ముతున్నాను. ఇక తెలిసీ జబ్బు వ్యాపింపజేస్తే వెయ్యి రూపాయలతో పోదు. మనుషుల ప్రాణానికి ముప్పున్న అంటురోగాన్ని నిర్లక్ష్యంగా వ్యాపింపజేస్తే భారతీయ న్యాయ సంహిత 271వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు, దురుద్దేశంతో అయితే 272వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు ఉంది.

షెడ్డు ఖాళీ అయ్యాక శుద్ధి చేయించి, అధికారి నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ తర్వాత మూడు నెలల పాటు ఆ ప్రాంతంలో నమూనాలు తీస్తూ ఉంటారు. అది ముగిసి, అనుమతి వచ్చేదాకా కొత్త పిల్లలను దించకండి. అప్పు మీద వడ్డీ పెరుగుతోందని తొందరపడి దించినవాళ్లు రెండోసారి మునుగుతారు. మరో మాట: ఫారాలన్నీ రాష్ట్ర పశుసంవర్ధక శాఖ దగ్గర నెల రోజుల్లో నమోదు కావాలని 2025 ఏప్రిల్‌లో కేంద్రం చెప్పింది. మీది కాకపోయి ఉంటే ఆ పని కూడా చేయించండి.

భీమవరం దగ్గర మా ఊళ్లో నాకు ఆరు పందెం కోళ్లున్నాయి. డేగ పుంజు ఒక్కదాన్నే యాభైవేలు పెట్టి కొన్నాను. బాదం, మాంసం పెట్టి పెంచుతున్నా. మా పక్క ఫారంలో బర్డ్ ఫ్లూ వస్తే నా కోళ్లను కూడా తీసుకెళ్తారా? ఆ ధర ఇస్తారా?

కిలోమీటరు లోపల ఉంటే తీసుకెళ్తారు. ఫారం కోడి, పెరటి కోడి, పందెం కోడి, బాతు, టర్కీ, గిన్నెకోడి అన్న తేడా వైరస్‌కు లేదు, ఆ పరిధిలో చట్టానికీ లేదు. పరిహారం పక్షి రకాన్ని, వయసును బట్టి నిర్ణయించిన రేటు ప్రకారమే వస్తుంది. మీరు కొన్న ధరతో దానికి సంబంధం లేదు. కోడిపందేలు జంతు హింస నిరోధక చట్టం కిందా, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కిందా నేరాలే కాబట్టి, పందెం విలువను చూపించి ఏ అధికారి దగ్గరా ఎక్కువ అడగలేరు.

పుంజును రాత్రికి రాత్రి బంధువుల ఊరికి తరలించాలన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి. నియంత్రిత ప్రాంతం నుంచి పక్షిని దాటించడం నేరం. అంతకన్నా ముఖ్యం, అది పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే రెట్టలో, ముక్కు నీటిలో వైరస్‌ను మోసుకెళ్లవచ్చు. పందెం కోడిని ఒళ్లో పెట్టుకుని ముక్కు తుడుస్తాం, ముఖం దగ్గర పెట్టుకుంటాం, దెబ్బ తగిలితే రక్తం కడుగుతాం. ఫారం కోడిని ఎవరూ అంత దగ్గరికి తీసుకోరు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ మాట మరీ ముఖ్యం. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప హెచ్‌5ఎన్‌1తో మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. ఆ సంగతి నా మనసులోంచి పోవడం లేదు.

చచ్చిన కోళ్లను గోతాల్లో కట్టి పంట కాలువలో పడేస్తున్నారు. ఆ నీళ్లే కింద ఊళ్లు తాగుతాయి. ఎవరికి చెప్పాలి?

పంచాయతీ కార్యదర్శికి, మండల పశువుల డాక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఫోటో ఉంటే జతచేయండి. జబ్బు పక్షినిగాని కళేబరాన్నిగాని నదిలో, కాలువలో, చెరువులో వేయడం 2009 చట్టం 33వ సెక్షన్ కింద విడిగా నేరం. మొదటిసారి రెండు వేల రూపాయల జరిమానా. మళ్లీ చేస్తే ఐదు వేల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. డెల్టాలో కాలువలు ఊరి నుంచి ఊరికి వెళ్తాయి, బాతుల మందలూ ఆ నీళ్లలోనే తిరుగుతాయి. రోగం దానికదిగా ఇంత వేగంగా పాకదు. కోళ్లను ఇళ్లకు, బావులకు దూరంగా లోతైన గొయ్యిలో సున్నం వేసి పూడ్చాలి, కుక్కలు తవ్వనంత మట్టి కప్పాలి.

చచ్చిన కోళ్లను చవగ్గా హోటళ్లకు అమ్మేవాళ్ల గురించి కూడా రాశారు. దానంతట అది చనిపోయిన పశువు, పక్షి మాంసం అమ్మడాన్ని ఆహార భద్రత నిబంధనలు పూర్తిగా నిషేధించాయి. మీ జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి ఫిర్యాదు చేయండి. ఆరోగ్యంగా ఉన్న కోడిని బాగా ఉడికించి తింటే భయం లేదు, 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది. పచ్చి మాంసం ముక్క పిల్లల చేతికి ఇవ్వడం మాత్రం వద్దు.

సికింద్రాబాద్‌లో మా అమ్మ ఒక రామచిలుకను, లవ్ బర్డ్స్ జంటలను పెంచుతోంది. రెండు లవ్ బర్డ్స్ ఈకలు ఉబ్బరించుకుని, నీళ్ల విరేచనాలై చనిపోయాయి. అమ్మకు వారంగా జ్వరం, పొడిదగ్గు. ఇది కూడా ప్రభుత్వానికి చెప్పాలా?

ముందు అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో పక్షులున్నాయని, రెండు చనిపోయాయని ఆయనకు చెప్పండి. చెప్పకపోతే మామూలు జ్వరం మందులు రాసి పంపించవచ్చు. చిలక జాతి పక్షుల నుంచి వచ్చే క్లమిడియా జబ్బు ఊపిరితిత్తులకు పట్టవచ్చు, సరైన యాంటీబయోటిక్ సకాలంలో పడితే నయమవుతుంది. ఎండిన రెట్ట దుమ్ముగా లేచి ముక్కులోకి పోవడమే ప్రమాదం. పంజరం కాగితాన్ని తడిపి, మాస్కు కట్టుకుని తీయండి. ఆ పని కొన్నాళ్లు మీరే చేయండి.

ఇది జాబితాలో ఉన్న జబ్బు కాబట్టి అనుమానం ఉంటే తెలియజేయాలన్న నియమం పంజరంలోని పక్షికీ వర్తిస్తుంది. దగ్గర్లోని పశువైద్యశాలకు చనిపోయిన పక్షిని రెండు కవర్లలో చుట్టి తీసుకెళ్లండి. దుకాణంలో కొని ఉంటే ఆ దుకాణం పేరు కూడా చెప్పండి. 2018 నాటి పెట్ షాప్ నిబంధనల ప్రకారం అలాంటి దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టరై ఉండాలి, జబ్బు చేసినవాటిని వేరుగా ఉంచాలి, రికార్డులు రాయాలి.

రామచిలుక సంగతి బాధతోనే చెబుతున్నాను. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షి, ఇంట్లో ఉంచుకోవడం నేరం. అలాగని కిటికీ తెరిచి వదలకండి. ఎన్నాళ్లో పంజరంలో ఉన్నది బయట బతకలేదు, జబ్బుంటే అడవి చిలకలకు అంటిస్తుంది. అటవీ శాఖకు అప్పగించండి. లవ్ బర్డ్స్ అని మన దగ్గర అమ్మేవి చాలావరకు బడ్జీలు, వాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మకావ్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలకలున్నవాళ్లు మాత్రం 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, పుట్టుక, చావు కూడా తెలియజేయాలి.

మా కోళ్లను చంపుతారు, జూలో పక్షులను మాత్రం చంపరు. ఇదేం న్యాయం?

జూలు కేంద్ర జూ ప్రాధికార సంస్థ నియమాల కింద నడుస్తాయి. కొత్తగా వచ్చిన ప్రాణిని క్వారంటైన్‌లో ఉంచాలి, జబ్బు వస్తే ఆ ఎన్‌క్లోజర్‌ను వేరుచేయాలి. 2016 అక్టోబరులో ఢిల్లీ జూలో నీటి పక్షులు బర్డ్ ఫ్లూలో మరో రకమైన హెచ్‌5ఎన్‌8తో చనిపోయినప్పుడు జూనే సందర్శకులకు మూసేశారు. అక్కడి పక్షులు మార్కెట్‌కు, లారీలోకి, వంటింట్లోకి రావు. మీ కోడి వస్తుంది. తేడా అదే. అలాగని జూలకు ముప్పు తక్కువని కాదు. నాగపూర్ దగ్గరి గోరెవాడలో పులులు, ఒక చిరుతపులి హెచ్‌5ఎన్‌1తో చనిపోయిన సంగతి 2025 జనవరిలో బయటపడింది.

బర్డ్ ఫ్లూకు టీకా ఉందట. మాకెందుకు వేయరు?

పెద్దగా ప్రాణం తీయని హెచ్‌9ఎన్‌2 రకానికి మన దేశంలో టీకా వాడవచ్చు, దాన్ని తయారుచేసింది ఆ భోపాల్ సంస్థే. హెచ్‌5ఎన్‌1కు ఇక్కడ అనుమతి లేదు. టీకా వేసిన కోడి చావకుండానే వైరస్‌ను మోస్తే రోగం కనిపించకుండా తిరుగుతుందన్నది అభ్యంతరం. ఎగుమతుల చిక్కు కూడా ఉంది. ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకు వేయిస్తోంది కాబట్టి ఈ చర్చ ఇక్కడా ముగియలేదు, ముగియకూడదు కూడా. అప్పటిదాకా ఎవరైనా దొంగచాటుగా తెచ్చిన టీకా సీసా అమ్మజూపితే కొనకండి.

మేం ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాం. ఇంటి వెనక తోటలో నాలుగు పెట్టలున్నాయి. గుడ్లు అమ్మం. మాకూ నియమాలుంటాయా?

ఉన్నాయి, మన దగ్గరికన్నా గట్టివి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024 అక్టోబరు 1 నుంచి ఒక్క కోడి ఉన్నా నమోదు తప్పనిసరి. పూర్తిగా ఇంట్లోనే ఉండే చిలకల్లాంటి పెంపుడు పక్షులకే మినహాయింపు. రోగం బయటపడితే చుట్టూ మూడు కిలోమీటర్లు రక్షణ ప్రాంతం, పది కిలోమీటర్లు నిఘా ప్రాంతంగా ప్రకటిస్తారు. కోళ్లను బయటికి వదలకుండా కప్పు కింద ఉంచమనే ఉత్తర్వు చలికాలంలో తరచూ వస్తుంది. పరిహారం అక్కడ కూడా ఆరోగ్యంగా ఉన్న పక్షులకే.

మనవాళ్లు తెలియక చేసే తప్పు ఇంకొకటుంది. రాత్రి మిగిలిన అన్నం, కూర కోళ్లకు వేయడం ఇక్కడ మనకు సహజం. అక్కడ వంటింట్లోంచి వచ్చిన మిగులు కోళ్లకు పెట్టడం చట్టవిరుద్ధం, పెంపుడువాటికైనా సరే. జంతు ఉత్పత్తులేవీ వాడని వీగన్ వంటిల్లయితేనే వెసులుబాటు. మీ ఇంట్లో పెరుగన్నం తింటారు కాబట్టి అది మీకు వర్తించదు. దుకాణంలో దొరికే దాణానే వేయండి, అడవి పిట్టలు వాలే చోట కాకుండా గూడు లోపల పెట్టండి.