మిరప ఏ యార్డుకు?



కల్లములో కాయ ఎండిన పిమ్మట గుంటూరు యార్డుకు తోలవలెనా, లారీ కట్టి బ్యాడగికి పంపవలెనా అని మీలో పలువురు అడుగుచుందురు. ముందు మీ కాయ ఏ రకమో చూచుకొనుడు. తేజను కారమునకు కొందురు. దానికి గుంటూరే తగిన చోటు. కర్ణాటకలో హావేరి జిల్లాలోని బ్యాడగి వర్తకులు రంగును, ముడుతను చూతురు. తేజను అక్కడకు మోయుట వృథా శ్రమ.

రంగు రకము వేసినవారికే లెక్క కావలెను. బ్యాడగిలో క్వింటాలుకు 800 రూపాయలు ఎక్కువ పలికినదనుకొందము. అదనపు కిరాయి 240, బస ఖర్చు 150, తరుగు 150 పోగా మిగులునది 260. రెండు చోట్ల కమీషను ఎంతో కూడ కనుగొనుడు. ఫోనులో విన్న ధర మేలురకమునకు. తాలు కలిసిన టిక్కీలకు అది రాదు.

అంతకన్న పెద్ద చిక్కు ఒకటున్నది. 2024 మార్చి 11న బ్యాడగిలో ధర పడిపోగా రైతులు ఆగ్రహించి మార్కెటు కార్యాలయముపై పడిరి, వాహనములు తగులబడినవి. అంత దూరము పోయిన సరకును వెనుకకు తెచ్చుట ఎవరి తరము? గుంటూరులోనైనచో, అద్దె పడినను, కోల్డు స్టోరేజిలో పెట్టి ఆగవచ్చును.

2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్‌లో దూరపు వర్తకుడును తెరపై ధర వేయవచ్చును. కాయను చేత నలిపి చూడనివాడు పరీక్ష చీటీనే నమ్మును గనుక తేమ 10-11 శాతము దాటనీయకుడు.

కొత్త యార్డుకు తొలిసారి, పొరుగువారి లారీలో పది టిక్కీలు మాత్రమే పంపి తక్‌పట్టీ చూచుకొనుడు.