శ్రవ్యగ్రంథముల అమరిక

వానలు కరవైన మన అనంతపురం సీమలో చెరువుకు తూము ఎంత ముఖ్యమో, గ్రంథసేకరణకు క్రమము అంత ముఖ్యము. నీరున్నను తూము లేనిచో పొలము తడవదు. వేల శ్రవ్యగ్రంథములున్నను కోరినది దొరకనిచో శ్రోతకు అవి లేనట్లే. కన్నులతో వెదకలేని విద్యార్థికి ఈ నష్టము మరింత పెద్దది.

సొంత కంప్యూటరును సర్వరుగా మలచి, ‘ఆడియోబుక్‌షెల్ఫ్’ వంటి ఉచిత సాఫ్ట్‌వేరును నెలకొల్పినచో, ఇంటర్నెట్టు లేకున్నను ఆ భవనములోని వైఫై ద్వారా ఫోన్లలో వినవచ్చును. ఉర్దూకు ఒకటి, తెలుగుకు ఒకటి విభాగము లేర్పరచి, రచయిత పేరున ఒక ఫోల్డరు, అందులో గ్రంథము పేరున మరొకటి ఉంచవలెను. అధ్యాయములకు 01, 02 అని సంఖ్యలిడవలెను. లేనిచో కొన్ని సాధనములు 2 కంటె ముందే 10ని వినిపించును.

అసలు చిక్కు రచయితల పేర్లతోనే. తరిమెలలో జన్మించిన విద్వాన్ విశ్వం (1915–1987) అసలు పేరు మీసరగండం విశ్వరూపాచారి. ప్రేమ్‌చంద్ (1880–1936) తొలుత ఉర్దూలో నవాబ్ రాయ్ అను పేరుతో వ్రాసిరి. రెండు పేర్లును వాడినచో యంత్రము ఒకే రచయితను ఇద్దరిగా ఎంచును. శ్రోతకు సగము గ్రంథములే కనబడును. కావున ప్రసిద్ధమైన పేరొకటి ముందే నిర్ణయించి, దానినే అంతటను వాడవలెనని మా సూచన. చదువరి కాలమును ఆదా చేయుట గ్రంథాలయ ధర్మమని రంగనాథన్‌గారు 1931లోనే చెప్పిరి. వినువారికిని అది వర్తించును.