తాళంచెవి ఎవరి దగ్గర?

మీరు మున్సిపాలిటీలోనో, బ్యాంకులోనో, చేనేత సంఘంలోనో పనిచేస్తుంటారు. ఒకరోజు పైఅధికారి పిలిచి, "ఊరి బాగు కోసం కమిటీ వేశాం, నువ్వు చూసుకో" అంటాడు. జీతం పెరగదు, తలనొప్పి మాత్రం పెరుగుతుంది. అలా పని నెత్తిన పడ్డవాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

అందరూ మొదట పాత భవనం మీద పడతారు. రంగు వేస్తే ఫొటో బాగా వస్తుంది మరి. నేనూ అదే చేశాను. ఒక చిన్న పట్టణంలో పాడుబడ్డ పాత కచేరీని బాగుచేయించి, చేతివృత్తులవాళ్లకు అమ్మకాల హాలుగా ఇప్పించాం. రిబ్బన్ కట్టారు, కత్తిరించారు, లడ్డూలు పంచారు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నది మాత్రం ఏ కాగితం మీదా రాసుకోలేదు. ఆఫీసు చేతివృత్తులవాళ్ల సంఘాన్ని చూపించింది, సంఘం దుకాణాలవాళ్లను చూపించింది. ఆరు నెలలు తిరక్కుండా లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీక్కుపోయాడు. తాళంచెవి అటెండరు జేబులో ఉండేది. ఆయన బదిలీ అయ్యాక అది ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే రెండు వారాలు పట్టింది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? పోచంపల్లిని చూడండి. బయటివాళ్లకు ఆ ఊరు 1951లో వినోబా భావే భూదానం మొదలైన చోటుగా, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా తెలుసు. నా దృష్టిలో అంతకంటే పెద్ద సంగతి 2003-05 మధ్య జరిగింది. పోచంపల్లి ఇక్కత్ భౌగోళిక గుర్తింపు దరఖాస్తు మీద రెండు పేర్లున్నాయి. ఒకటి నేతకార్మికుల సహకార సంఘం, రెండోది పట్టుచీరల తయారీదారుల సంఘం. సాధారణంగా ఈ రెండు పక్షాలకూ మార్కెట్లో పోటీ, మజూరీ దగ్గర పేచీ. అయినా చిటికి కట్టి, రంగులద్ది, నేసిన చీర పక్కనే దాని డిజైనును అచ్చుగుద్దిన మిల్లు గుడ్డ చవగ్గా అమ్ముడుపోతుంటే ఇద్దరి కడుపూ కాలింది. అందుకే ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. దేశంలో ఈ గుర్తింపు పొందిన తొలి సరుకుల్లో అదొకటి. నకిలీలు దానితో ఆగిపోలేదు, ఇప్పటికీ బజార్లో దొరుకుతాయి. కానీ "ఇది మాది" అని చట్టం ముందు చెప్పుకునే హక్కు ఊరికి దక్కింది.

కాబట్టి మొదటి మీటింగులో "ఊరి సర్వతోముఖాభివృద్ధి" లాంటి ఎజెండా పెట్టకండి. ఒకరికొకరు పడని ఇద్దరిని పిలిచి, ఇద్దరికీ నష్టం చేస్తున్న ఒకే ఒక్క విషయం అడగండి. సంతరోజు పార్కింగు కావచ్చు, మురుగుకాల్వ కావచ్చు. దాని మీద ఒక పేజీ ఒప్పందం చాలు.

కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో కూడా చూసుకోవాలి. పోచంపల్లి చీరకు మగ్గం కంటే ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లదే, భుజాలు పడిపోయేదీ వాళ్లకే. తల్లి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసుయంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. కానీ కమిటీ జాబితా రాసేటప్పుడు నేతగాడి పేరే గుర్తొస్తుంది, ఆసు పోసిన మనిషి పేరు రాదు. ప్రతి ఊళ్లోనూ ఇలాంటి కనబడని చేతులుంటాయి.

తోపుడుబండ్ల సంగతి వస్తే చట్టమే మీకు అండ. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. బజారును అందంగా చేస్తామంటూ బండ్లను లేపేయాలని ఎవరన్నా అంటే, ఈ కమిటీ ముందు పెట్టారా అని నెమ్మదిగా అడగండి. చాలాసార్లు ఆ ప్రశ్నే సరిపోతుంది.

డబ్బు చేతులు మారే దశ వస్తే కమిటీని రిజిస్టరు చేయించక తప్పదు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు. వ్యాపారం చేసి లాభం పంచుకునే ఆలోచన ఉంటే, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టమే మేలని నా అభిప్రాయం.

మినిట్స్ అదే రోజు రాయండి, అక్కడే చదివి వినిపించండి, సంతకాలు తీసుకోండి. రేపు రాద్దామంటే మాటలు మారిపోతాయి. మీరు బదిలీ అయ్యాక మిగిలేది ఆ పుస్తకమే.

ఇక భవనం పని చేపట్టే రోజు వస్తే, ఆ మీటింగుకు కరెంటు బిల్లు నకలు ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లండి. టీ వచ్చేలోపే దాన్ని బల్ల మీద పెట్టండి.