దెబ్బ తినుట వేరు, ఓడిపోవుట వేరు

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 17:1-6, రూతు 2:15-18, 2 సమూయేలు 8:1, రోమీయులకు 12:17-21, 2 కొరింథీయులకు 4:7-9.



మన సంఘములలో ఆంగ్ల బైబిలును, ఆంగ్ల పత్రికలను చదువు యౌవనస్థులు ఇప్పుడు అనేకులున్నారు. వారు మమ్మును తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. హిట్, స్ట్రైక్, బీట్, డిఫీట్, విన్ అను మాటలకు కొట్టుట, ఓడించుట, గెలుచుట అనియే అర్థము చెప్పుదురు గదా, వీటిలో భేదమేమి? ఈ నెల ఆ సంగతిని కలిసి నేర్చుకొందము.

మన తెలుగులో "కొట్టు" అను మాట పెద్ద కుటుంబము గలది. గుడి గంట కొట్టుదుము, చెట్టు కొట్టుదుము, పలక కొట్టుదుము; ఎండ కూడ కొట్టును. ఆంగ్లములో గంటకు ఒక మాట, చెట్టుకు వేరొక మాట. కాబట్టి ఏమి కొట్టుచున్నాము, ఎట్లు కొట్టుచున్నాము, ఎందుకు కొట్టుచున్నాము అని మొదట అడుగవలెను.

1. హిట్. ఒక దెబ్బ వెళ్లి గురికి తగులుట. కావలెనని కొట్టినను, తెలియక తగిలినను ఈ మాట చెల్లును. రాయి విసరగా కిటికీకి తగిలినది, అది హిట్.

2. స్ట్రైక్. ఇదియు ఒక దెబ్బయే గాని మాటకు బరువెక్కువ. పిడుగు పడుటకును, గడియారము గంట కొట్టుటకును దీనినే వాడుదురు. హోరేబులో మోషే కఱ్ఱతో బండను కొట్టిన చోట నేటి ఆంగ్ల బైబిళ్లలో తరచుగా ఈ మాటయే కనబడును.

3. బీట్. మరల మరల కొట్టుట. రూతు తాను ఏరుకొనిన యవలను సాయంకాలమున కొట్టి గింజ రాల్చినప్పుడు ఆంగ్లములో ఈ మాట యున్నది. మనము కళ్లములో కందికట్టెను కఱ్ఱలతో బాదుట అట్టిదే. గుండె కొట్టుకొనుటకును ఇదే మాట. అయితే దీనికి రెండవ అర్థముకూడ కలదు: ఆటలోగాని పోటీలోగాని ఎదుటివానిని ఓడించుట. అప్పుడు ఎవరి ఒంటిమీదను దెబ్బ పడదు.

4. డిఫీట్. ఇందులో దెబ్బ యను భావమే లేదు, ఓటమి మాత్రమే కలదు. పాత ఫ్రెంచి భాషనుండి వచ్చిన యీ మాటకు మూలార్థము "చేసినదానిని చెరుపుట".

5. విన్. ఇక్కడనే మన పిల్లలు తడబడుదురు. తెలుగులో ఆటను గెలుతుము, ఎదుటివారినికూడ గెలుతుము. ఆంగ్లములో ఆటను, బహుమానమును, ఎన్నికను విన్ చేయుదురు. ఎదుటివారిని బీట్ చేయుదురు, లేక డిఫీట్ చేయుదురు. "వుయ్ వన్ దెమ్" అనుట తప్పు. "వుయ్ బీట్ దెమ్" అనుట ఒప్పు.

కొట్టుటకును ఓడించుటకును ఒకే మాట వాడుట ఆంగ్లేయులకే చెల్లలేదు. మోషే బండను కొట్టిన చోటను, దావీదు ఫిలిష్తీయులను ఓడించిన చోటను హెబ్రీ భాషలో ఒకే క్రియ యున్నది. 1611 నాటి ఆంగ్ల బైబిలు ఆ రెండు చోట్లను స్మైట్ అను పాత మాటనే వాడెను. మన తెలుగులోను "ఓడగొట్టు" అను మాటలో "కొట్టు" దాగియున్నది. దెబ్బ తినినవాడు ఓడిపోయినట్లే అని మనుష్యులు అంతట తలంచుట వలన మాటలు ఇట్లు కలిసిపోయినవి కాబోలు.

ఈ భేదము మనకు పరీక్షలో మార్కులకొరకు మాత్రమే కాదు. ఆంగ్ల పత్రికలు మన అనంతపురమును గూర్చి వ్రాయునప్పుడు "డ్రాట్-హిట్" అనియు, "డ్రాట్-స్ట్రికెన్" అనియు చేర్చుట వాడుక. ఆ మాట నిజమే. నైరుతి వానలను పడమటి కనుమలు అడ్డగించును; ఈశాన్యపు వానలు తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చుసరికి తరిగిపోవును. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే మనకు దొరకును. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానియందు లక్షలాది జనులు చనిపోయిరి. అప్పుడు మన ప్రాంతము బళ్లారి జిల్లాలోనిది. 1882లో అనంతపురము ప్రత్యేక జిల్లా ఆయెను. 2022లో జిల్లా రెండుగా విడిపోయినను ఆకాశము మాత్రము ఇరువురికి ఒక్కటే. కావున హిట్ అనుట సత్యము. బీటన్ అనుట మాత్రము వేరు మాట.

మా గ్రామపు రైతు ఒకరు, మూడవ బోరులోను నీరు పడకపోగా, సాయంకాల ప్రార్థన పిమ్మట గుడి మెట్లమీద కూర్చుండి, "కరువు నన్ను ఓడగొట్టె, అయ్యగారూ" అనెను. "నీవు దెబ్బ తింటివి గాని ఓడిపోలేదు" అని చెప్పబోయి నోరు మూసుకొంటిమి. అప్పులవాడు తలుపు తట్టుచున్నవానికి మాటల భేదము చెప్పుట సుళువే. దాని వలన అతని కుండలోనికి ఏమియు రాదు. మరుసటి వారము సంఘములో మూడు కుటుంబములవారు తమ విత్తపు కందులలోనుండి కొంత కొలిచి అతని కిచ్చిరి. వాన పడిన మరునాడు అతడు గొర్రు పట్టెను. బోరులో నీరు నేటికిని లేదు. అప్పు అట్లే యున్నది. అయినను అతని విషయమై హిట్ అను మాట చాలునని ఆ దినమున తెలిసికొంటిమి.

పౌలు తాను నేల కూలినను నాశనము కాలేదను భావముతో కొరింథీయులకు వ్రాసెను. రోమీయులకు వ్రాసినప్పుడు జయింపవలసినది మనుష్యుని కాదు, కీడునే అని చూపెను. ఆంగ్లములో అచ్చట ఓవర్‌కమ్ అను మాట యున్నది; దానిలో దెబ్బ లేదు. దెబ్బకు దెబ్బ కొట్టినవాడు హిట్ చేసెను గాని ఓవర్‌కమ్ చేయలేదు. దెబ్బ తిన్న పొరుగువానికి విత్తనము కొలిచినవారు ఎవరిని కొట్టకయే కీడును జయించిరి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. "మా బడి మీ బడిని గెలిచినది" అను వాక్యమును ఆంగ్లములో ఏ క్రియతో చెప్పవలెను? ఎందుకు?

2. రూతు యవలను కొట్టుటలో పోయినదేమి, నిలిచినదేమి?

3. మన వీధిలో దెబ్బ తిన్నవారెవరు? వారు ఓడిపోకుండునట్లు ఈ నెల మనము కొలిచి ఇయ్యగలది ఏమి?