శ్రీకాళహస్తి సాలీడు చేసింది చిన్న పనా?



శ్రీకాళహస్తి అనే పేరులో 'శ్రీ' అంటే సాలీడు, 'కాళ' అంటే పాము, 'హస్తి' అంటే ఏనుగు. ఈ మూడింటిలో సాలీడు కథను మనం కాస్త తేలిగ్గా తీసుకుంటాం. "చిన్న పురుగు, గూడు అల్లింది, అంతే కదా" అనుకుంటాం. కానీ నిజం సాలీడు ఎలా బతుకుతుందో తెలిస్తే ఆ కథ వేరేగా వినిపిస్తుంది.

మా తిరుచానూరులో వానలు పడ్డాక స్వర్ణముఖి పక్క తోటల్లో, కంచెల మీద చక్రంలాంటి సాలెగూళ్లు కనిపిస్తాయి. వీటిని అల్లే సాలీళ్లకు చూపు చాలా తక్కువ. దారం అదిరితేనే వాటికి లోకం తెలుస్తుంది. శత్రువులు మాత్రం కళ్లతో వేటాడేవి: పిట్టలు, బల్లులు, కందిరీగలు. కొన్ని కందిరీగలు సాలీడును కుట్టి, చంపకుండా కదలకుండా చేసి, పిల్లలకు ఆహారంగా మట్టిగూట్లో పెట్టి మూసేస్తాయి. మన ఇళ్ల గోడలకు కనిపించే మట్టిగూళ్లలో కొన్ని అవే.

మరి గూటి నడుమ ఆరుబయట ఉండే సాలీడు ఎలా తప్పించుకుంటుంది?

1. చెత్తే కవచం: సైక్లోసా అనే సాలీడు తాను తిన్న పురుగుల తొక్కల్ని, గుడ్ల సంచుల్ని గూట్లో ఒకే వరుసగా కట్టి, ఆ వరుసలోనే ముడుచుకుని కూర్చుంటుంది. ఏది చెత్తో, ఏది సాలీడో తెలియదు. 2009లో వచ్చిన ఒక తైవాన్ పరిశోధన ప్రకారం, ఇలాంటి గూళ్ల మీదికి కందిరీగలు ఎక్కువగానే వస్తాయి, కానీ దెబ్బ చెత్త మీద పడుతుంది. మన ఐటీ భాషలో చెప్పాలంటే హ్యాకర్‌ను మళ్లించడానికి పెట్టే డమ్మీ సర్వర్ అన్నమాట!

2. ఎండుపుల్ల వేషం: పోల్టిస్ జాతి సాలీడు రాత్రి గూడు అల్లుతుంది. పగలు కొమ్మకు అతుక్కుని, విరిగిన పుల్లలా కదలకుండా ఉంటుంది.

3. ఊగే గూడు: ఆర్జియోప్ గూటి మధ్యలో తెల్లటి దారంతో ఇంటూ గుర్తులా అల్లుతుంది. అది ఎందుకన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య ఇంకా చర్చ నడుస్తోంది. ఎవరైనా కదిలిస్తే మాత్రం గూటిని గబగబా ఊపేస్తుంది. అప్పుడు దాని ఒళ్లు మసకబారినట్టై గురి కుదరదు.

దారులు వేరైనా మూడింటి పనీ ఒకటే. తానెక్కడుందో శత్రువుకు దొరకనివ్వకూడదు.

ఇప్పుడు కథకు వద్దాం. అదే స్వర్ణముఖి ఒడ్డున, శ్రీకాళహస్తిలో, ఒక సాలీడు శివలింగానికి నీడగా గూళ్లు అల్లేదట. స్వామి పరీక్షించాలని దీపజ్వాలతో ఆ గూటిని కాల్చేశాడు. సాలీడు చెత్తలో దాక్కోలేదు, పుల్లలా బిగుసుకుపోలేదు. ఆ మంటను మింగేయడానికే దూకింది. శివుడు ప్రసన్నుడై మోక్షమిచ్చాడు.

దాక్కోవడం సాలీడు పుట్టుకతో తెచ్చుకున్న విద్య. ప్రాణం మీదికి వచ్చినా ఆ విద్యను వాడుకోలేదంటే, స్వామి ముందు తన ప్రాణం దానికి గుర్తుకు రాలేదన్నమాట. సాలీడు భక్తి ఏనుగు భక్తికి ఏమాత్రం తీసిపోదని నాకు అందుకే అనిపిస్తుంది.

ఈసారి తోటలో గూడు కనిపిస్తే చీపురు ఎత్తేముందు ఒక నిమిషం ఆగి, సాలీడు ఎక్కడుందో వెతికి చూడండి. పిల్లలకూ చూపించండి.

మళ్లీ వచ్చే వీడియోలో కలుద్దాం. హర హర మహాదేవ!