చప్పుడును బట్టి జబ్బు పోల్చడం ఎలా?



మన ఊళ్ళలో ఒక్క పాత పికప్ బండి మీదే బతికే కుటుంబాలు ఉన్నాయి. అది ఒక రోజు షెడ్డులో పడితే ఆ రోజు సంపాదన పోయినట్లే. చప్పుడు ఎక్కడిదో తెలియక ఒక్కో సామాను మార్చుకుంటూ పోతే అప్పు మిగులుతుంది. మా నాన్న అలాంటి బండే నడుపుతారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆయన చెవితో పోల్చే వాటికి ఫిజిక్స్‌లో కారణాలు దొరికాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

ఇంజను శక్తి క్లచ్, గేర్ బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్ మీదుగా వెనుక చక్రాలకు చేరుతుంది. గుంతల్లో చక్రాలు పైకీ కిందికీ ఊగినా షాఫ్ట్ తిరగడం ఆగకుండా దాని కొసల్లోని క్రాస్‌లు చూస్తాయి. చప్పుడు ఎప్పుడు వస్తుందో ముందు గమనించాలి.

1. నిలబడి ఉన్నప్పుడు: న్యూట్రల్‌లో ఇంజను ఆడించండి. క్లచ్ తొక్కగానే గీరినట్లు వస్తే క్లచ్ రిలీజ్ బేరింగును చూడాలి. తొక్కితే ఆగి, వదిలితే వస్తే గేర్ బాక్స్ లోపలి బేరింగును అనుమానించాలి.

2. కదిలేటప్పుడు: ముందు గేరు నుంచి రివర్సుకు మార్చగానే ‘టక్’మంటే క్రాస్ అరిగి ఉండవచ్చు. గ్రీజు ఎండిన క్రాస్ అంతకు ముందే నెమ్మది వేగంలో కిచకిచమంటుంది. దాని కప్పుల చుట్టూ ఎర్రని తుప్పు పొడి కనిపిస్తుంది.

3. పరుగులో: యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా మోగితే క్రౌన్, పినియన్ చూడాలి. ఎడమకు తిప్పితే బరువు కుడి వైపుకు పోతుంది. అప్పుడు మోత పెరిగితే కుడి చక్రం బేరింగు చూడాలి. రోడ్డు మారగానే మోత మారితే టైర్ల వల్ల కావచ్చు.

4. వణుకు: టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకుందాం. గంటకు 60 కి.మీ. అంటే సెకనుకు 16.7 మీటర్లు. చక్రం సెకనుకు సుమారు 7.6 సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అయితే షాఫ్ట్ సుమారు 30 సార్లు తిరుగుతుంది. కాబట్టి నిదానంగా ఊపితే చక్రాన్ని, జుమ్మని వణికితే షాఫ్ట్‌ను ముందు చూడాలి. అదే వేగంలో గేరు మార్చినా వణుకు మారకపోతే కారణం ఇంజను కాదు.

వంపులో తిరిగే క్రాస్ వల్ల షాఫ్ట్ వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. రెండో క్రాస్ ఆ తేడాను సరిచేస్తుంది. అందుకే షాఫ్ట్ విప్పే ముందు గుర్తు పెట్టి, మళ్ళీ అదే గుర్తుకు బిగించాలి. ఎక్కువ లోడు కోసం కమాన్ కట్టలు పెంచినా వంపు మారి వణుకు రావచ్చు.

జాగ్రత్త: ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరకండి. ఇంజను ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, గట్టి స్టాండు వేశాకే చూడండి. ‘టక్’మనే క్రాస్‌ను నెలల తరబడి వదిలేయకండి. అది విరిగి షాఫ్ట్ ముందు కొస రోడ్డుకు గుచ్చుకుంటే బండి అదుపు తప్పుతుంది. సరుకు బండిలో మనుషులు ఎక్కకూడదు. అయినా మన కూలీలు ఎక్కుతూనే ఉన్నారు. ఆ ప్రాణాలు గుర్తుంచుకోవాలి.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చప్పుడు వచ్చిన వేగం, గేరు, లోడు ఒక కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇవ్వండి. ఆయన పని సగం తగ్గుతుంది, మీ ఇంటి ఖర్చూ తగ్గుతుంది.

మీకో లెక్క: ఇదే బండి 40 కి.మీ. వేగంలో పోతే షాఫ్ట్ సెకనుకు ఎన్నిసార్లు తిరుగుతుంది? (జవాబు: సుమారు 20)